పంటి గడ్డకు ఊరు చెప్పే తప్పుడు వైద్యం

చేవెళ్ల, మొయినాబాద్ వైపు దవడ వాచిన మనిషి బజారుకొస్తే చాలు, అడగకుండానే పదిమంది సలహా చెబుతారు. లవంగం పెట్టుకొమ్మని ఒకరు, ఉప్పు కాపడం పెట్టుమని ఒకరు, రెండు గోళీలు మింగి పడుకుంటే పొద్దుగాలకు తగ్గుతదని ఇంకొకరు. వీళ్లలో ఎవరిదీ చెడ్డ మనసు కాదు. తమ ఇంట్లో చూసింది, పెద్దలు చేసింది చెబుతారు. కానీ ఈ సలహాలన్నీ పాటించే సరికి నాలుగు రోజులు, వారం, ఒక్కోసారి నెల గడిచిపోతుంది. ఆ గడిచిన కాలంలో చీము తన దారి తాను వెతుక్కుంటుంది. అందుకే మా దగ్గర ఎక్కువగా వినిపించే సలహాలను తీసుకుని, అవి ఎందుకు పనికిరావో, వాటి బదులు ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు గడ్డ ఎట్లా పుడుతుందో తెలియాలి. పంటి పైపొర ఎనామెల్. మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. నోట్లో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న తీపినీ పిండినీ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం ఎనామెల్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. బెర్లిన్‌లో పనిచేసిన విల్లబీ మిల్లర్ అనే దంతవైద్యుడు 1890లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా చూపించాడు. ఎనామెల్ కింద డెంటిన్, దాని లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జు ఉంటాయి. పుచ్చు ఆ గుజ్జును తాకిందంటే లోపల వాపు మొదలవుతుంది. చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఉబ్బడానికి చోటుండదు. రాత్రిళ్లు గుండె కొట్టుకున్నట్టు పన్ను పోటు పెట్టేది అందుకే. ఆ ఒత్తిడికి రక్తం ఆగి గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన గుజ్జులో పెరిగిన బ్యాక్టీరియా వేరు కొస నుంచి దవడ ఎముకలోకి దిగి చీము పడుతుంది. అదే పంటి గడ్డ. చిగుళ్ల జబ్బు ముదిరినా, జ్ఞానదంతం సగం మొలిచి ఆగిపోయి దాని చుట్టూ తిండి ఇరుక్కున్నా గడ్డ రావచ్చు.

ఇక మొదటి సలహా, అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది. "నొప్పి తగ్గింది గదా, ఇంక దవాఖాన ఎందుకు?"

పది రోజులు నిద్రపోనివ్వని పన్ను ఒక పొద్దున హాయిగా ఉంటుంది. చల్లనీళ్లు తాగినా జివ్వుమనదు. ఇంట్లో అందరూ తేలికపడతారు. నిజానికి ఆ రోజు జరిగిందేమిటంటే పంటిలోని నరం చచ్చిపోయింది. కబురు చెప్పే నరమే లేకపోతే నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాక్టీరియా మాత్రం ఎముకలో తన పని చేసుకుపోతూనే ఉంటుంది. ఇంకొన్నిసార్లు చిగురు మీద చిన్న మొటిమ లేచి పగులుతుంది, నోట్లోకి ఉప్పగా, కంపుగా చీము కారుతుంది, పోటు తగ్గుతుంది. దాన్ని చూసి "చీము పోయింది, పీడ పోయింది" అంటారు. అది లోపలి గడ్డకు పడిన దారి. ఆ దారి మూసుకుపోయిన రోజు వాపు మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ముందుకంటే పెద్దగా. నొప్పి తగ్గి మూడు నెలలైనా, పుచ్చిన పన్ను నోట్లో ఉన్నంతకాలం డాక్టరుకు చూపించాల్సిందే.

మా దగ్గర ఇంకో వాయిదా ఉంది. ఈ ప్రాంతంలో బంతి, చామంతి, గులాబీ, టమాట, క్యారెట్ పండించే ఇళ్లు చాలా. పూలకు ధర పలికేది బతుకమ్మ, దసరా రోజుల్లో. రాత్రి కోసి, తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేర్చాలి. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఎవరికైనా దవడ వాస్తే "పండుగ దాటినంక పోదాం" అంటారు. నిజంగానే ఒక పూట కోత ఆగితే నష్టమే. కానీ తొలిరోజు వెళితే ఒక పూటలో అయిపోయే పని, చీము మెడలోకి దిగాక వారాలు మంచం మీద పడుకోబెడుతుంది. ఇంటి మగవాళ్లు ఈ లెక్క వేయాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

రెండో సలహా: "మెడికల్ షాపులో గోళీలు అడుగు, వాళ్లే ఇస్తరు."

బీజాపూర్ రోడ్డు మీద ఒక మందుల షాపు ముందు నిలబడితే కనిపించే దృశ్యమే ఇది. ఒకామె కొంగుతో చెంప కప్పుకుని వస్తుంది. నోరు పూర్తిగా తెరవలేక వేలితో దవడ చూపిస్తుంది. షాపు పిల్లగాడు ఏ పన్ను అని అడగడు, జ్వరముందా అని అడగడు, షుగర్ ఉందా అని అడగడు. మూడు పట్టీలు తీసి కత్తెరతో ఒక్కోదాంట్లోంచి నాలుగేసి కత్తిరిస్తాడు. ఒకటి నొప్పికి, ఒకటి యాంటిబయాటిక్, ఒకటి గ్యాసుకు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటాడు. మందు పేరు ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది, ఆమె చేతిలోకి పేరులేని గోళీలు వస్తాయి. తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా తాను ఏం మింగిందో చెప్పలేదు.

యాంటిబయాటిక్ రక్తంలో కలిసి ప్రయాణిస్తుంది. చచ్చిన పంటి లోపలికి రక్తమే పోదు, మరి మందు ఎట్లా పోతుంది? చీము నిండిన గడ్డ నడిమధ్యకు కూడా అది సరిగా చేరదు. కాలువ తెగిపోయిన మడికి తూము ఎంత ఎత్తినా నీరు అందనట్టే. చుట్టుపక్కల కొంత బ్యాక్టీరియా చస్తుంది, వాపు కాస్త దిగుతుంది, గోళీలు అయిపోయిన వారానికి తిరిగి వస్తుంది. ఈసారి బతికి మిగిలిన బ్యాక్టీరియాకు ఆ మందు మీద భయం తగ్గి ఉంటుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఇదే చెప్పింది: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పంటి వైద్యం అందుబాటులో ఉంటే ముందు పంటికి చికిత్స చేయాలి. జ్వరం, నీరసం వచ్చి రోగం ఒంటికి పాకుతున్నప్పుడు యాంటిబయాటిక్ కూడా కావాలి, అప్పుడు డాక్టరు రాసినన్ని రోజులు మింగాలి.

మన దేశంలో ఈ మందులు చీటీ లేకుండా అమ్మకూడనివి. పట్టీ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి. డాక్టరు చెప్పకుండా వాడవద్దని చదువు రానివాళ్లకూ తెలియాలని ఆ గీత గురించి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. పంటి నొప్పికి రాత్రి ఒక పారాసిటమాల్ వేసుకుని పొద్దున్నే దవాఖానకు బయల్దేరితే తప్పులేదు. రోజుల తరబడి రకరకాల నొప్పి గోళీలు కలిపి మింగితే మాత్రం కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కొందరు ఆస్పిరిన్ గోళీని నలిపి పుచ్చులో పెడతారు. దాంతో చిగురు తెల్లగా కాలిపోయి, ఉన్న నొప్పికి పుండు తోడవుతుంది.

"వాపు ఉండంగ పన్ను పీకొద్దు, విషం ఎక్కుతది. తగ్గినంక పీకిస్తే మంచిది." ఈ మాట చదువుకున్నవాళ్లు కూడా చెబుతారు. ఒకప్పుడు కొందరు వైద్యులూ ఇదే అన్నారు. అందుకే ఇది గట్టిగా నాటుకుపోయింది. చీము ఎక్కడ పట్టినా దాన్ని బయటికి తీయడమే వైద్యానికి తొలి సూత్రం. పన్ను పీకితే వేరు ఉన్న గుంత నుంచి చీము బయటికి వస్తుంది. పన్నును కాపాడుకోవచ్చనుకుంటే రూట్ కెనాల్ చేస్తారు. అంటే పైనుంచి రంధ్రం చేసి, చచ్చిన గుజ్జు తీసి, వేరు లోపలి సన్నని గొట్టాన్ని కడిగి, శుభ్రం చేసి మూసేస్తారు. చిగురు ఉబ్బి మెత్తబడి ఉంటే అక్కడ చిన్న గాటు పెట్టి చీము తీస్తారు. గాటు పెట్టిన నిమిషంలో కుర్చీలోని మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది. బిగబట్టిన భుజాలు దిగుతాయి, అరచేతిలో నలిగిన దస్తీ వదులవుతుంది. నాలుగు రాత్రుల నిద్ర ఒక్కసారి కళ్లలోకి వస్తుంది.

వాపు ఉన్నప్పుడు మత్తు సూది పనిచేయదని భయపడేవాళ్లున్నారు. ఇందులో కొంత నిజం ఉంది. చీము పట్టినచోట ఆమ్లత ఎక్కువగా ఉండి మత్తుమందు సరిగా పట్టదు. అందుకే డాక్టర్లు గడ్డలోకి కాకుండా, కొంచెం వెనక, నరం మొదలయ్యేచోట సూది వేస్తారు. ఎంత తొందరగా వెళితే మత్తు అంత బాగా పడుతుంది. పంటి నొప్పే మత్తు వైద్యానికి దారి చూపింది కూడా. 1844లో నవ్వు గ్యాస్‌ను వాడిన హొరేస్ వెల్స్, 1846లో ఈథర్‌ను నలుగురి ముందు చూపిన విలియం మోర్టన్ ఇద్దరూ పండ్లు పీకే వైద్యులే. క్లోరోఫామ్ ప్రాణానికి ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో మన హైదరాబాద్‌లోనే ఎడ్వర్డ్ లారీ కమిషన్ పరీక్షలు చేసింది. ఈ రోజు దంతవైద్యుడు వాడే లిగ్నొకైన్ 1940లలో వచ్చింది. తాతల కాలంలో నలుగురు పట్టుకుంటే పటకారుతో పన్ను పీకిన కథలు విని భయపడి ఆగిపోకండి. ఆ రోజులు పోయాయి.

"పై పన్ను పీకిస్తే కండ్లు పోతయ్." ఈ భయంతో ఎంతమంది ముసలివాళ్లు చీము కారే పండ్లను నోట్లో మోస్తూ బతుకుతున్నారో లెక్కలేదు. కంటిచూపు నరం వేరు, పండ్ల నరం వేరు. చూపు నరం కంటి వెనక నుంచి నేరుగా మెదడులోకి వెళుతుంది. పై పండ్ల నరాలు ముఖానికి స్పర్శ తెలిపే నరానికి కొమ్మలు. పన్ను తీస్తే చూపు పోయే దారే లేదు. పన్ను తీయకుండా వదిలేస్తే మాత్రం కంటికి ముప్పుంది. పై కోరపంటి వేరు కంటి దిగువ వైపుకు వెళుతుంది. అక్కడి చీము చెంప మీదుగా పాకి కన్ను మూసుకుపోయేంత వాపు తేవచ్చు. ముఖంలోని సిరల ద్వారా అది మెదడు కింద ఉన్న రక్తనాళాలకు చేరితే ప్రాణం మీదికే వస్తుంది. అవ్వ కంటిచూపు మీద మీకు నిజంగా బెంగ ఉంటే ఆ పన్నును చూపించండి.

పంటి పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జాతరల్లో, సంతల్లో పురుగు తీస్తామని వచ్చేవాళ్లను పెద్దవాళ్లు చూసే ఉంటారు. నేలవాకుడు గింజలు నిప్పుల మీద వేస్తారు, గొట్టంతో ఆ పొగ నోట్లోకి పట్టిస్తారు. తర్వాత నీళ్లలో తెల్లగా, సన్నగా, వంకర తిరిగినవి తేలుతాయి. "ఇగో, నీ పంట్ల పురుగు" అని చూపిస్తారు. అవి గింజలోని మొలకలు. వేడికి గింజ పగిలి, లోపల చుట్టుకుని ఉన్న మొలక బయటికి వస్తుంది. అనుమానం ఉంటే పన్ను నొప్పి లేని మనిషిని కూర్చోబెట్టి అదే పొగ పట్టించి చూడండి, అన్నే "పురుగులు" పడతాయి. ఇది మన ఊళ్ల అమాయకత్వం అనుకోవద్దు. బాబిలోనియా వాళ్లూ పంటి పురుగును నమ్మారు, ఐరోపాలో ఇట్లాంటి గింజల పొగే పట్టారు. పారిస్ వైద్యుడు పియర్ ఫోషార్ సూక్ష్మదర్శినితో వెతికి, పుచ్చులో పురుగు కనబడలేదని 1728 నాటి తన గ్రంథంలో రాశాడు. పొగకు కాసేపు మొద్దుబారినట్టు ఉంటే ఉండవచ్చు. గడ్డ ఎక్కడిదక్కడే ఉంటుంది.

జిల్లేడు పాలు పుచ్చులో వేయమనేవాళ్ల మాట అసలే వినకండి. ఆ పాలు చిగురును, నాలుకను కాల్చేస్తాయి. చేయి కంటికి తగిలితే కంటికి ప్రమాదం. లవంగ నూనెలో యూజెనాల్ ఉంటుంది, అది నిజంగానే కాసేపు మొద్దుబారేలా చేస్తుంది, దంతవైద్యులూ వాడతారు. ఆ కాసేపటితో సరిపెట్టుకోవద్దు, నూనెను నేరుగా చిగురు మీద ఒంపుకోవద్దు. తంబాకు దట్టించడం, సారాతో పుక్కిలించడం రెండూ నోటికి చేటు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలిస్తే మంచిదే, హాయినిస్తుంది. దవాఖానకు పోయేలోపు చేయదగ్గది అది. బయట చెంప మీద ఇటుక కాపడం, ఉప్పు మూట కాపడం మాత్రం వద్దు. వేడికి అక్కడ రక్తం ఎక్కువై వాపు పెరుగుతుంది, చీము లోపలి నుంచి చెంప చర్మం వైపు దారి తీసుకోవచ్చు. చెంప మీద లేదా గడ్డం కింద గుంట పడిన మచ్చతో ఉన్నవాళ్లను చూస్తుంటాం, వాటిలో కొన్ని ఇట్లా పన్ను నుంచి పగిలిన గడ్డలే. సూది కాల్చి పొడవడం గురించి చెప్పేదొకటే. గడ్డ ఎంత లోతులో ఉందో, పక్కన ఏ నరం, ఏ నాళం ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిల్లల దవడ వాస్తే గవదబిళ్లలని మెడలో బంగారు గొలుసు వేసి కూర్చోబెడతారు. గవదబిళ్లల్లో వాపు చెవి ముందు, చెవి కింద ఉంటుంది, చాలామందికి రెండు పక్కలా వస్తుంది. పంటి గడ్డ ఒక పక్కే ఉండి, నోట్లో వేలితో తడితే ఒక పన్ను ప్రత్యేకంగా నొప్పి పెడుతుంది. తేడా తెలియకపోతే డాక్టరు చూసి చెబుతారు. "పాల పండ్లే గదా, ఊడిపోతయ్" అన్న మాట కూడా తప్పే. పాల పంటి వేరు కిందే అసలు పన్ను తయారవుతూ ఉంటుంది. పైన చీము పడితే కింది పన్ను మచ్చలతో, వంకరగా రావచ్చు. పైగా చిన్న ఒంట్లో రోగం తొందరగా పాకుతుంది.

గర్భిణికి పంటి వైద్యం కూడదంటారు. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు ఏ పనికైనా అనువైన కాలం, గడ్డ ఉంటే ఏ నెలలోనైనా చూపించాలి. మత్తు సూది వేయవచ్చు. నెలలు చెబితే దానికి తగిన మందులే రాస్తారు. చీము ఒంట్లో ఉండటమే తల్లికీ బిడ్డకూ కీడు. షుగర్ ఉన్నవాళ్లకు చెప్పే సలహా ఇంకా ప్రమాదం: "షుగర్ తగ్గినంక పీకిద్దాం." చీము ఉన్నన్నాళ్లు షుగర్ తగ్గదు, షుగర్ తగ్గనన్నాళ్లు చీము ఆగదు. ఈ రెంటినీ ఒకేసారి పట్టాలి, డాక్టర్లు పట్టగలరు. మా ప్రాంతంలో నలభై దాటినవాళ్లలో షుగర్ ఉందని తెలియకుండానే తిరిగేవాళ్లున్నారు. పంటి గడ్డతో వెళ్లినప్పుడు రక్తపరీక్షలో బయటపడినవాళ్లూ ఉన్నారు.

"ఎక్కడికి పోవాలె, పట్నం దాకా ఎవరు పోతరు?" అనేవాళ్లకు: మొయినాబాద్‌లోనే శ్రీ బాలాజీ డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీ దవాఖానల్లో విద్యార్థులు చేస్తారని వెనకాడకండి, పక్కన నిలబడి చూసే ప్రొఫెసర్లు ఉంటారు, ఖర్చు బయటికంటే తక్కువ. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మెహిదీపట్నం బస్సెక్కితే అక్కడి నుంచి దూరం కాదు.

చివరి మాట, "పంటి నొప్పికి ఎవరన్నా సస్తరా?" అనేది. చస్తారు. ఈజిప్టు చక్రవర్తి రెండో రామ్సెస్ మమ్మీ దవడలో పెద్ద చీము గడ్డ గుర్తులు కనిపించాయి. అంతటి రాజుకూ దానికి వైద్యం దొరకలేదు. 2007లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పన్నెండేళ్ల పిల్లవాడి పంటి చీము మెదడుకెక్కింది. పన్ను పీకడానికి 80 డాలర్లు అయ్యేవి. రెండుసార్లు మెదడు ఆపరేషన్ చేసి, రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయ్యాక కూడా పిల్లవాడు దక్కలేదు. అంత డబ్బున్న దేశంలో జరిగింది ఇది.

ఎక్కువగా భయపడాల్సింది కింది దవడ చివరి పండ్ల గడ్డకు. వాటి వేళ్లు నాలుక కింద ఉండే కండరం కంటే దిగువకు వెళతాయి. అక్కడి చీము గడ్డం కిందికి, నాలుక కిందికి, రెండు పక్కలకూ పాకి మెడను బిగిస్తుంది. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో దీన్ని వర్ణించాడు, ఆయన పేరుతోనే వైద్యులు పిలుస్తారు. నాలుక పైకి లేచి గొంతును మూస్తుంది. యాంటిబయాటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్లలో సగానికి పైగా పోయేవాళ్లు. ఇప్పటికీ ఆలస్యమైతే గంటల్లో ఊపిరి ఆగవచ్చు.

కాబట్టి ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. ఉమ్మి మింగలేక బయటికి కారుతుంది. మాట ముద్దగా వస్తుంది, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు. గడ్డం కింద చెక్కలా గట్టిపడుతుంది. వాపు మెడలోకి దిగుతుంది, లేదా కన్ను మూసుకుపోతుంది. చలి జ్వరం వస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినా పన్ను డాక్టరు కోసం పొద్దుటి దాకా ఆగవద్దు. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖాన ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. దారిలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు, నాలుక వెనక్కి పడి ఊపిరి ఆడదు. కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంగనివ్వాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు, అక్కడ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఏ పన్ను, ఎన్నాళ్ల నుంచి, ఏ గోళీలు మింగారు, షుగర్ బీపీ ఉన్నాయా, ఏ మందైనా పడదా, రక్తం పలచబడే గోళీలు వాడుతున్నారా అనేవి తెలిసిన మనిషి వెంట వెళ్లాలి. అప్పటికి రోగి తానుగా చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. మిగిలిన గోళీల పట్టీలు పారేయకుండా సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.